ఏడు వారాల నేల

సముద్రంలో పొగ లేవడం, కెలేపి మా ఇంటికి రావడం ఒకే వారంలో జరిగాయి. ముందు వచ్చింది కెలేపే.

కెలేపి మా బావగారి కొడుకు. బావగారు పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన పన్నెండేళ్లుగా రాజధానిలో వడ్రంగం చేసుకుంటూ ఉండిపోతే, మా నొముకా దీవిలో ఆయన పేరున ఉన్న పొలం మా ఆయన ఐసాకె చేశాడు. మేమున్న ఇంటి స్థలమూ బావగారిదే. మాలో నేల పెద్దకొడుక్కి వెళ్తుంది. అతని తర్వాత అతని పెద్దకొడుక్కి. తమ్ముళ్లు అన్న దయ మీద బతకాలి, అన్న పోతే అన్నకొడుకు దయ మీద. ఇది మేం పుట్టక ముందునుంచీ ఉన్నదే. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

కెలేపి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా పిల్లల ముందు పెట్టాడు. చాప మీద కూర్చుని చాలాసేపు తుఫాను సంగతులు, పడవ ఆలస్యం సంగతులు చెప్పాడు. లేచి వెళ్లేముందు అసలు మాట బయటపెట్టాడు.

"బాబాయ్, నన్ను తప్పుగా అనుకోకు. పెండలం తవ్వుకునేదాకా ఉండండి. ఆ తర్వాత పొలం నాకు కావాలి. పెళ్లి కుదిరింది. పిల్ల తరఫువాళ్లు నేల చూపించమంటున్నారు."

"నీదే కదరా. కాదని నేనెప్పుడన్నాను?" అన్నాడు ఐసాకె.

నాకు ఒళ్లు మండింది. "తుఫాను కూల్చిన కొబ్బరిచెట్లన్నీ మళ్లీ నాటిందెవరు కెలేపీ? మీ నాన్న వచ్చి నాటాడా?"

"లోసే," అన్నాడు మా ఆయన. నా పేరు తప్ప ఇంకేం అనలేదు. నేను నోరు మూసుకున్నాను. కెలేపి తలవంచుకుని, "పిన్నీ, నాకు తెలుసు. కానీ నేనేం చెయ్యను?" అన్నాడు. పాతికేళ్లయినా నిండలేదు వాడికి. గోళ్లలో ఇంకా రంపపు పొట్టు ఉంది.

వాడు వెళ్లాక చెప్పాను. "మీ అక్కకి కబురు పెట్టు. ఆవిడ ఒక్క మాటంటే వాడు సగం పొలం మనకి వదిలేస్తాడు."

సేలా వదినగారు హాఫేవ దీవిలో ఉంటుంది. ఐసాకెకి పెద్దక్క. కెలేపికి మేనత్త. మేనత్త మాట దాటినవాడికి మాలో పుట్టగతులుండవు. ఆవిడ వచ్చి ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా తీసుకుపోవచ్చు, ఏ తగవైనా తీర్చవచ్చు.

"అక్క ముందుకెళ్లి చెయ్యి చాపమంటావా? నలభై రెండేళ్లొచ్చాయి నాకు," అన్నాడు ఐసాకె.

"పిల్లల కోసం చాపితే తప్పేంటయ్యా?"

ఆయన కొడవలి తీసుకుని పొలానికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున పడమటి వైపు, తోఫువా కొండకు ఎడంగా, సముద్రంలోంచి తెల్లటి పొగ నిలువుగా లేచింది. మధ్యాహ్నానికి నల్లబడింది. సాయంత్రం ఆరేసిన బట్టల మీద బూడిద రాలింది. మర్నాటికి గంధకం వాసన ఊరంతా కమ్మేసింది, మురిగిన కోడిగుడ్లు పగలగొట్టినట్టు. నాలుగైదు రోజులకు నురుగురాళ్లు కొట్టుకొచ్చాయి. రాయి నీళ్లమీద తేలడం నా పిల్లలు అప్పుడే చూడటం. తీరం పొడుగునా బారెడు వెడల్పున బూడిదరంగు తెప్పలాగా పేరుకుపోయాయి. పడవ దింపితే ఇంజన్లోకి ఆ రాళ్ల నలుసులు పోయి ఆగిపోయేది. పది రోజులు ఎవరూ వేటకి వెళ్లలేదు. కళ్లు ఉబ్బిన చేపలు ఒడ్డుకి కొట్టుకొస్తే, తినొద్దని పాస్టరుగారు చెప్పాడు. చీకటి పడ్డాక అందరం తిన్నాం.

నురుగురాళ్లు కాస్త పలచబడ్డాక మనాసె తన పడవ వేసుకుని చూడటానికి వెళ్లాడు. మనాసె మా పొరుగువాడు. పొట్ట పెద్దది, నోరు అంతకంటే పెద్దది. తిరిగొచ్చి ఒడ్డున దిగకముందే అరిచాడు.

"నేల లేచిందిరోయ్! పంది వీపులా నల్లగా, ఇంతెత్తున! మన చర్చి గుట్టకి రెండింతలుంటుంది. అడుగు పెట్టాను, చెప్పు కాలింది!"

చర్చి మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఒకడు నవ్వాడు. "మా తాత కాలంలోనూ ఇలాగే లేచింది. సముద్రం తేన్చిందంతే. తేన్పుకి వయసెంత?"

అందరూ నవ్వారు. ఐసాకె నవ్వలేదు. మర్నాడు మనాసెతో కలిసి వెళ్లాడు. వచ్చేటప్పుడు చొక్కా కొసలో ఏదో మూటకట్టి తెచ్చి నా అరచేతిలో విప్పాడు. నల్లటి ఇసుక.

"వెచ్చగా లేదూ?"

"పొయ్యిలో బూడిదా వెచ్చగానే ఉంటుంది."

"బూడిద కాదే పిచ్చిదానా. నేల. నెల కూడా నిండని నేల. దాని మీద ఎవడి పేరూ లేదు. ఎవడి తాతా పాతిపెట్టి లేడు."

"రాజుగారిదని రేడియోలో చెప్పారుగా."

"రాజుగారొచ్చి పెండలం నాటుతాడా? మొదట ఎవడు నాటితే వాడికే రాసిస్తారు. అర్జీ పెడతాను. పెద్దకొడుకుగా పుట్టనివాడి కోసం దేవుడు వేరే నేల చెయ్యకూడదని ఎక్కడైనా రాసుందా?"

ఐసాకె చదువుకున్నవాడు కాదు. అయినా తెలివితక్కువవాడూ కాదు. ఆ రోజు ఆయన మొహం చూసి నాకు భయం వేసింది. పదిహేనేళ్ల కాపురంలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. పెళ్లినాడు కూడా.

ఆ వారంలోనే మొలకెత్తిన కొబ్బరికాయలు ఆరు ఏరాడు. పొలంలో మంచి మట్టి తవ్వి, ఎండుకొబ్బరి బస్తాలు మూడింటి నిండా నింపాడు. ఆ బస్తాలు భుజాన వేసుకుని ఒడ్డుకి వస్తుంటే జనం పోగయ్యారు.

"ప్రభువులవారికి దండాలు! మాకేమన్నా కౌలుకిస్తారా?" అన్నాడు మనాసె.

"నీకివ్వను. నీ పందులు నా చేను తినేస్తాయి."

"అయ్యో, మా పందులకి ఈత రాదు ప్రభూ!"

"నువ్వు నేర్పుతావుగా. నిన్ను చూస్తే వాటికి తమవాడే అనిపిస్తుంది."

ఒడ్డంతా గొల్లుమంది. మనాసె పొట్ట కదిలేలా నవ్వి, పడవా ఇంజనూ అప్పిచ్చి, కూడా వెళ్లాడు. గుంపు వెనక కెలేపి నిలబడి ఉన్నాడు. వాడు నవ్వలేదు. ఆ బస్తాల వైపే చూశాడు. ఆ మట్టి వాడిది. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అక్కణ్ణుంచి వచ్చాక ఐసాకె మారిపోయాడు. సాయంత్రాలు మగవాళ్లు చేరి కవ వేరు కషాయం తాగే చోట ఒక మూల కూర్చుని వినేవాడల్లా మధ్యకొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. మొక్కలు నాటిన చోటు, గాలి తగలని వాలు, పడవ కట్టడానికి వీలైన వంపు, అన్నీ చెప్పేవాడు. వెక్కిరించేవాళ్లు వెక్కిరించారు. కానీ ఊళ్లో నేల లేని తమ్ముళ్లు ఐసాకె ఒక్కడే కాదు. ఇద్దరు ముగ్గురు మెల్లగా మా ఇంటికొచ్చి, అర్జీ ఎలా రాయించాలని అడిగి వెళ్లారు. వాళ్లు వెళ్లాక ఐసాకె ఇంటి దూలం వైపు చూస్తూ పడుకుని, "చూశావా?" అనేవాడు.

నేను దెప్పుతూనే ఉన్నాను. "ఆ దీవిలో మంచినీళ్లుంటాయా? మీ రాజ్యానికి నీళ్లు నేను మోసుకురావాలా?" అంటే, "వాన పడదా?" అనేవాడు. పిల్లలు వాళ్ల నాన్న వైపే. మా పెద్దది ఫిఫిత, పదేళ్లది, దీవికి పేర్లు పెట్టి చెల్లెలి చేత వల్లె వేయించేది.

పెండలం తవ్వే రోజులొచ్చాయి. ఆ ఏడు బాగా పండింది. ఒక్కో దుంప చంటిపిల్లంత. తవ్విన చోట మళ్లీ నాటేది మేం కాదు. ఒకరోజు ఐసాకెకి తెలియకుండా హాఫేవ వెళ్లే పడవవాడి చేతికి ఒక మంచి దుంప ఇచ్చి, సేలా వదినగారికి కబురు పంపాను. 'మీ తమ్ముడు అడగడు. మీరే వచ్చి తీర్చండి.'

పది రోజులకు జవాబొచ్చింది. శనివారం వస్తున్నానని.

ఐసాకె నన్ను తిట్టలేదు. "సరే. రానీ. అక్క వచ్చేలోపు నువ్వొకసారి చూడాలి. ఇల్లు ఎటు మొగం పెట్టి కట్టాలో చెప్పాల్సింది నువ్వేగా," అన్నాడు. వానలూ గాలులూ తవ్వకాలూ అయి, నాటి అప్పటికి ఏడు వారాలు దాటింది. మధ్యలో ఎవరూ అటు వెళ్లలేదు. ఆ పక్క చేపలు దొరకడం లేదని వేటవాళ్లు కూడా తూర్పుకే పోతున్నారు.

శుక్రవారం తెల్లారకముందే మనాసె పడవలో ఇద్దరమే బయల్దేరాం. చంటివాణ్ణి ఫిఫితకి అప్పగించాను. సముద్రం నూనె పోసినట్టుంది. దారిపొడుగునా ఐసాకె మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంజను చప్పుడులో సగం నాకు వినపడలేదు. పొద్దు బారెడెక్కేసరికి ఆయన మాట తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగింది. లేచి నిలబడి చూశాడు. తోఫువా ఎక్కడుందో చూశాడు, కావ్ శిఖరం ఎక్కడుందో చూశాడు, చేత్తో కొలిచాడు. పడవ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఇంజన్లో పెట్రోలు సగానికొచ్చింది.

"దారి తప్పామేమో," అన్నాను.

ఆయన ఇంజను ఆపేశాడు.

అక్కడ నీళ్లు నీలంగా లేవు. పసుపు కలిపిన పాలలా ఒక పెద్ద మచ్చ. అడుగునుంచి చిన్న చిన్న బుడగలు గుంపుగా వచ్చి పగులుతున్నాయి. నేను చెయ్యి ముంచాను. గోరువెచ్చగా ఉంది. పిల్లలకి పోసే నీళ్లంత వెచ్చన.

"ఇక్కడే," అన్నాడు ఐసాకె.

ఏడు వారాలుగా నా నోట్లో నానుతున్న మాటలన్నీ ఆ క్షణంలో నాలిక చివరికొచ్చాయి. ముసలాయన తేన్పు మాట కూడా వచ్చింది. ఆయన వీపు నా వైపుంది. చొక్కా మీద, రెక్కల మధ్య, చెమట మచ్చ. చేతులు రెండూ పడవ అంచు మీద పెట్టి నీళ్లలోకి చూస్తున్నాడు, ఏదో పారేసుకున్నవాడు వెతికినట్టు. నేను మూట విప్పి ఉడకబెట్టిన చేమదుంప ఒకటి చేతిలో పెట్టాను.

"తిను," అన్నాను.

తిన్నాడు. నేనూ తిన్నాను. తిన్నంతసేపూ పడవ ఆ పచ్చటి నీళ్లమీద తనంతట తాను మెల్లగా తిరుగుతూ ఉంది.

పడవ ఇంటివైపు తిప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఆయన నాతో అనలేదు. చెప్పమని కూడా అనలేదు.

ఒడ్డున మనాసె ఎదురొచ్చాడు. "ఏం ప్రభూ, రాజ్యం క్షేమమా?"

"ఉంది," అన్నాడు ఐసాకె, ఇంజను విప్పుతూ.

ఆ ఒక్క మాట అప్పటికప్పుడు ఆయన నోటికొచ్చింది. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వెర్రివాడై రావడం ఎవరికి చేతనవుతుంది? రేపు నిదానంగా చెప్పుకోవచ్చులే అని నేనూ అనుకున్నాను. కానీ దీపాలు పెట్టేవేళకి ఊరంతా పాకిపోయింది. నేల లేని తమ్ముళ్లలో ఒకడైతే మా గుమ్మంలోకొచ్చి ఐసాకె చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు.

శనివారం సేలా వదినగారు వచ్చింది. భారీ మనిషి. మా పద్ధతిలో మర్యాదకి నడుముకి చుట్టుకున్న చాప పాతదే, కానీ దాన్ని చూస్తే ఊళ్లో ఆడవాళ్లు పక్కకి తప్పుకుంటారు. ఆవిణ్ణి ఇంటి లోపల, మా ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచి చాప మీద కూర్చోబెట్టాం. కెలేపి ఆవిడ ఎదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఐసాకె గుమ్మం బయట, మెట్టు మీద. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో ఒక చూరు కింద ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం మాలో లేదు. ఆయన వీపూ మెడా మాత్రం మాకు కనబడుతున్నాయి.

ఆవిడ పెండలం ముక్క తిని, చెయ్యి తుడుచుకుని, విసనకర్ర తీసుకుంది.

"ఒరేయ్ కెలేపీ, పెళ్లాన్ని తెచ్చుకుంటున్నావంట. సంతోషం. ఇద్దరు మనుషులకి ఎనిమిదెకరాలు ఏం చేసుకుంటావురా? తింటావా, తాపీగా కూర్చుని చూసుకుంటావా?"

"అత్తా, నువ్వెలా చెబితే అలాగే. కానీ..." వాడు గుమ్మం వైపు చూశాడు. వాడి గొంతులో వెటకారం లేదు. ఆ మాట నేను ఇవాళ్టికీ చెప్తాను. "బాబాయికిప్పుడు సొంత దీవే ఉందని ఊరంతా అంటున్నారు. నాకున్నది ఇదొక్కటే."

ఆవిడ విసనకర్ర ఆగింది. గుమ్మం వైపు కాదు, గోడ వైపు చూస్తూ అంది. "ఐసాకే. నీకు నేల కావాలా అక్కర్లేదా? కావాలంటే సగం నీ పేరున చేయించే పూచీ నాది. నీ కొడుకు పెద్దవాడయ్యేదాకా దాన్నెవడూ ముట్టడు."

కోడి ఒకటి మెట్టు కింద గీకుతోంది. మా ఇంటి చుట్టూ మనుషులున్నారు. మనాసె ఉన్నాడు. నిన్న ఏడ్చిన మనిషి ఉన్నాడు.

"నాకు నేలుంది," అన్నాడు ఐసాకె. "కుర్రాడిది కుర్రాడికిచ్చెయ్యండి."

అప్పుడు వదినగారు నా వైపు తిరిగింది. చిన్న కళ్లు ఆవిడవి. రెప్ప వెయ్యకుండా చూసింది.

"లోసే. నిన్న నువ్వు కూడా వెళ్లావంటగా. నిన్నడుగుతున్నా. కళ్లారా ఏం చూశావో అది చెప్పు."

కబురు పంపి పిలిపించింది నేను. పిలిపించినప్పుడు ఏం అడగాలో, ఎలా ఏడవాలో కూడా అనుకుని ఉన్నాను. నోరు విప్పి 'లేదు వదినగారూ' అంటే చాలు. నేను గుమ్మంలోంచి ఆయన మెడ చూశాను. ఎండకి కమిలిన మెడ. అది కాస్త కిందికి వంగింది, దెబ్బ కోసం చూస్తున్నట్టు.

"మొక్కలు బతికాయి వదినగారూ. రెండేసి ఆకులు వేశాయి," అన్నాను.

ఆవిడ ఇంకాసేపు నన్నే చూసింది. తర్వాత విసనకర్ర మళ్లీ కదిలింది.

"సరే. విన్నావుగా కెలేపీ. పొలం నీది."

ఐసాకె ఆ రాత్రి నా పక్కన పడుకుని, నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు. ఆ విషయం మేమిద్దరం ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రెండు వారాలకు వేరే ఊరి వేటవాళ్లు అటు పోయొచ్చి, అక్కడ దీవీ లేదు గీవీ లేదన్నారు. మనాసె ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది. ఒడ్డున ఐసాకె ఎదురైతే వాన సంగతి మాట్లాడేవాడు. కెలేపి వచ్చి, "పిన్నీ, ఇల్లు ఉంచుకోండి. ఇంటి చుట్టూ కాస్త దొడ్డి కూడా..." అని నసిగాడు. పెళ్లివాళ్లు అప్పటికే పొలం కొలిపించుకుని వెళ్లారు. ఐసాకె వాడి భుజం తట్టి, "వద్దురా. మాట అయిపోయింది," అన్నాడు.

చలిగాలులు మొదలయ్యేలోగా పందుల్ని అమ్మేశాం. చాపలు చుట్టుకుని రాజధాని నుకుఅలోఫాకి పడవెక్కాం. ఊరి చివర పోపువా బురదనేలలో, మాలాంటివాళ్లు రేకులూ పెట్టెచెక్కలూ కలిపి కట్టుకున్న గుడిసెల మధ్య మేమూ ఒకటి కట్టుకున్నాం. పున్నమి పోటుకి నీళ్లు ఇంట్లోకి వచ్చేవి. పిల్లల్ని బల్ల మీదికెక్కించి మేం మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాళ్లం. ఐసాకె రేవులో సిమెంటు బస్తాలు మోశాడు. ఆరేళ్లు మోశాక దగ్గు పట్టుకుంది. ఏడో ఏడు పెండలం తవ్వే రోజుల్లోనే పోయాడు.

సేలా వదినగారు హాఫేవ నుంచి వచ్చింది. తమ్ముడి తల దగ్గర కూర్చుంది. ఖననం అయ్యాక, మా ఆచారం ప్రకారం, నా జుట్టు కత్తిరించడానికి నన్ను గుడిసె వెనక్కి తీసుకెళ్లింది. పెళ్లి నాటినుంచీ పెంచిన జుట్టు, నడుము దాటి ఉండేది. కత్తెర మొద్దుబారింది. ఒక్కో పాయ లాగి లాగి కోసింది.

"ఆ పొలం తగవునాడు నన్ను తెచ్చిన పడవవాడు, ముందురోజు మధ్యాహ్నం ఆ పచ్చటి నీళ్ల మీదుగానే వచ్చాడు," అంది, కోస్తూనే.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరగబోతే, ఆవిడ నా తల పట్టుకుని ఆపింది.

"తెలిసి ఎందుకడిగారు వదినగారూ?"

"దీవి లేదని నేనంటే వాడు ఊరందరి ముందూ అబద్ధాలకోరు అయ్యేవాడు. పెళ్లాం అంటే అంత తప్పు పట్టరు. ఆడదానికి పిల్లల భయం ఉంటుందిలే అనుకుంటారు." ఇంకో పాయ తెగి నా ఒళ్లో పడింది. "అందుకే వాణ్ణి వదిలి నిన్నడిగాను లోసే. నువ్వు చెప్తావని చూశాను."

"ఆయన మెడ చూశాను వదినగారూ," అన్నాను.

కత్తెర కాసేపు ఆగింది. ఆవిడ ఊపిరి నా మాడు మీద వేడిగా తగిలింది.

"నేనూ దాన్నే చూశాను," అంది. నా తల వంచి, మెడ దగ్గర మిగిలిపోయిన నాలుగు వెంట్రుకలు కూడా కోసేసింది. ఒళ్లో పడ్డ జుట్టంతా తన చేతుల్తోనే పోగుచేసింది.

"లే. పిల్లలు ఆకలితో ఉన్నారు."